గెడ్డ పొంగి ఇల్లు మునిగింది: ఫ్లడ్ మోడల్ చేయిస్తే నష్టపరిహారం వస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కొండ దిగువ కాలనీలో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, నలభై గజాల దూరంలో గెడ్డ, అంటే కొండవాగు. పోయిన నెల వానకు ఇంట్లో నడుం లోతు నీళ్లు నిలిచాయి. ఫ్రిజ్, మంచాలు, కారు పోయాయి. ఎగువన రెండేళ్ల కిందట లేచిన అపార్ట్‌మెంట్ వాళ్లు ప్రహరీని గెడ్డలోకి జరిపి కట్టారు, కొంత మేర పైన శ్లాబు కూడా వేసేశారు. అడిగితే బిల్డరు "అంత వాన పడితే ఎవరేం చేస్తారండీ" అన్నాడు, అధికారులూ అదే పాట పాడారు. ఒక కన్సల్టెంటు రెండున్నర లక్షలకు ఫ్లడ్ మోడల్ (వరద నీళ్లు ఎటు, ఎంత ఎత్తున పారతాయో కంప్యూటర్లో కట్టే లెక్క) చేసిపెడతానంటున్నాడు. చేయించాలా, అది కోర్టులో నిలబడుతుందా, చివరికి డబ్బు ఎవరు కట్టాలి?

ఇప్పుడే మోడల్ చేయించకండి. బిల్డరు మీద బాధ్యత పడే అవకాశం ఉంది. అయితే మీరు నిరూపించాల్సింది ఎంత వాన పడిందన్నది కాదు. సరిగ్గా అదే వానకు ఆ గోడ, ఆ శ్లాబు లేకుండా ఉంటే మీ ఇంట్లో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చేవన్నది. రెండు ఎత్తులకీ తేడా బెత్తెడు ఉంటే కేసు లేనట్టే. మోకాలెత్తు ఉంటే గట్టి కేసు. ఆ తేడా ఏపాటిదో ముందు ఐదారు వేల ఖర్చుతో తెలుసుకోవచ్చు, మోడల్ సంగతి ఆ తర్వాత.

నేను లాయర్ని కాను. కాలువలు, కల్వర్టుల డిజైన్ పనిలో ఇరవై ఆరేళ్లు ఉన్నాను. ఇలాంటి తగాదాల్లో రిపోర్టులు రాసి, బోనెక్కి సాక్ష్యం చెప్పి, ఒకసారి నవ్వులపాలు కూడా అయ్యాను. అదీ చెప్తాను.

ముందు మన ఊరి సంగతి. కృష్ణకో గోదావరికో వరద వస్తుందంటే రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది. విశాఖలో అలా కాదు. ఒకవైపు కైలాసగిరి, సింహాచలం కొండలు, ఇంకోవైపు యారాడ కొండ, మధ్యలో గిన్నెలాంటి ఊరు. కొండ మీద పడ్డ చినుకు అరగంట ముప్పావుగంటలో కింద గెడ్డలో ఉంటుంది, ఆ వెంటనే సముద్రంలోనో హార్బరులోనో కలవాలి. కలిసే చోట ఆ వేళకు సముద్రం పోటు మీద ఉంటే గెడ్డ నీళ్లు వెనక్కి తంతాయి. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను తీరం దాటింది కళింగపట్నం దగ్గర, నీళ్లు నిలిచింది మన విమానాశ్రయంలో. తుపాను కన్ను ఎక్కడుందన్నది కాదు, గెడ్డకు దారి ఉందా లేదా అన్నదే ఇక్కడ లెక్క.

అందుకే "రోజు మొత్తానికి ఇన్ని సెంటీమీటర్లు" అనే పేపరు లెక్క మీ కేసుకు పనికిరాదు. వాతావరణ శాఖ 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లు దాటితే అతి తీవ్ర వర్షం అంటుంది. ఆ 204 రోజంతా సన్నగా పడితే మీ గెడ్డ గట్టు దాటదు. అందులో సగం గంటన్నరలో దంచితే దాటుతుంది. మీకు కావలసింది పావుగంట, గంట లెక్కలు. రాష్ట్ర ప్రణాళికా సంస్థ పెట్టిన ఆటోమేటిక్ వెదర్ స్టేషన్ల నుంచి గంటల వారీ వివరం దొరుకుతుంది, సమాచార హక్కు కింద పది రూపాయలతో అడగొచ్చు. మీకు దగ్గరలో ఉన్న స్టేషన్‌ది అడగండి. వాల్తేరులో పడ్డ వాన వేరు, ఎయిర్‌పోర్టు దగ్గర పడ్డ వాన వేరు. ఒకే సాయంత్రం ఒకచోట రోడ్లు తడవకపోవడం, ఇంకోచోట స్కూటర్లు తేలడం మనందరం చూసిందే.

ఇక కాగితం మీద చేసే కచ్చా లెక్క. దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మీ గెడ్డలోకి నీళ్లు దింపే కొండవాలు, కాలనీలు కలిపి 80 హెక్టార్లు అనుకుందాం. గంటకు 70 మిల్లీమీటర్ల చొప్పున దంచుతోంది. పడ్డదాంట్లో సగం ఇంకి, సగం పారుతోంది. 80ని 70తో, దాన్ని 0.5తో గుణించి, యూనిట్లు కుదరడానికి 360తో భాగిస్తే సెకనుకు 7.8 ఘనపు మీటర్లు. రోడ్డు కింద మదుము, అంటే నీళ్లు దాటే కల్వర్టు, రెండు మీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తు ఉందనుకోండి. నీళ్లు సెకనుకు రెండున్నర మీటర్ల వేగంతో పోతే అది మోయగలిగింది 7.5. అంటే బొటాబొటీ. ఇప్పుడు మదుము నోట్లో సగం మూసుకుపోయిందనుకోండి. నాలుగు ఘనపు మీటర్లు రోడ్డెక్కుతాయి. అలా అరగంట పారితే 7,200 ఘనపు మీటర్లు. హెక్టారు పల్లపు కాలనీలో పరిస్తే 72 సెంటీమీటర్లు.

అదండీ, మీ నడుం లోతులో ముప్పాతిక వంతు అక్కడే తేలిపోయింది. నేను వాడినవి ఊహించిన అంకెలు, మీ గెడ్డవి వేరుగా ఉంటాయి. కానీ ఏ ఒక్కటి మారితే ఎంత మారుతుందో చూడటానికి ఇది చాలు.

మదుము నోరు అంటే ఒక కేసు గుర్తొస్తుంది. ఏడెనిమిదేళ్ల కిందట, మీలాంటిదే. ఎగువన ఒక లేఅవుటు వాళ్లు గెడ్డకు రిటైనింగ్ వాల్ కట్టి వెడల్పు తగ్గించారని దిగువ పదిహేడు ఇళ్ల వాళ్లు కలిసి నన్ను పిలిచారు. గోడ వల్లే మునిగామని అందరి నమ్మకం. నేను వెళ్లేసరికి వాన పడి పన్నెండు రోజులైంది. ఒకావిడ గోడ చూపించి, "ఇక్కడి దాకా ఒచ్చేసినాది బాబూ" అంది. గోడకు సున్నం వేసేశారు, మరక లేదు. పక్కింట్లో కరెంటు మీటరు పెట్టె తలుపు తీస్తే లోపల బురద గీత సన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. గచ్చు నుంచి 92 సెంటీమీటర్లు. అలాంటి గీతలు పదకొండు పట్టుకున్నాం. ఒకటి బీరువా వెనక, ఒకటి తలుపు బందు సందులో, ఒకటి దేవుడి గూడు అడుగున. మీటరు పెట్టె మంచి సాక్షి. దాన్ని ఎవరూ కడగరు.

తర్వాత గెడ్డ వెంట నడిచాం. రోడ్డు కింద మదుముకు అడ్డంగా, సరిగ్గా దాని నోటి ముందు, ఒక పాత నీటి పైపు పోతోంది. దాని మీద ఒక పరుపు, రెండు కొబ్బరి మట్టలు, ఒక గోనె సంచి, ఇంకా లెక్కలేనన్ని కవర్లు. చాపలా అల్లుకుపోయి ఉంది. గోడ లేకుండా ఒకసారి, పైపు దగ్గర చెత్త లేకుండా ఒకసారి, రెండూ ఉండగా ఒకసారి, ఒకే వానతో మోడల్ నడిపాను. గోడ వల్ల పెరిగిన నీటిమట్టం 8 సెంటీమీటర్లు. పైపు, చెత్త వల్ల 45. నా మోడల్ పదకొండు గీతలతో పోలిస్తే అటూ ఇటూ 12 సెంటీమీటర్లు తప్పుతోంది. 12 తప్పే మోడల్‌తో 8 సెంటీమీటర్ల నేరం ఎలా మోపుతాను? ఆ మాటే రాశాను. నన్ను పెట్టుకున్నవాళ్లకు కోపం వచ్చింది, సగం ఫీజు ఇప్పటికీ రాలేదు. కానీ ఆ రిపోర్టు పట్టుకుని వాళ్లు లేఅవుటు వాళ్లను వదిలి, పైపు వేసిన శాఖ వెంట పడ్డారు. పైపు లేచింది. డబ్బు విషయం రాజీలో తేలింది.

కాబట్టి మీరు ఈ ఆదివారం గొడుగు, టేపు పట్టుకుని మీ ఇంటి నుంచి కిందికి కూడా నడవండి. అందరూ కోపంతో పైకే చూస్తారు. చాలాసార్లు నీళ్లను ఎత్తేది దిగువన ఉన్న అడ్డు.

మోడల్ గురించి కన్సల్టెంటును అడగాల్సినవి. హెక్-రాస్, స్వమ్ లాంటివి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు. మొదటిది అమెరికా సైన్యపు ఇంజినీర్లది, రెండోది అక్కడి పర్యావరణ సంస్థది. మీరు డబ్బిచ్చేది సాఫ్ట్‌వేర్‌కు కాదు, కొలతలకు. మొదటి ప్రశ్న: గెడ్డ అడ్డుకోతలు (ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వెడల్పు, లోతు) టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో కొలుస్తారా, లేక ఉపగ్రహం ఎత్తుల పటం వాడతారా? ఉచితంగా దొరికే ఆ పటాల్లో ఒక్కో గడి 30 మీటర్లు. ఆరు మీటర్ల గెడ్డ అందులో కనబడనే కనబడదు, ఎత్తుల్లో తప్పు మీటర్లలో ఉంటుంది. తెర మీద నీలం రంగు మాత్రం అద్భుతంగా పారుతుంది.

నేను నవ్వులపాలైంది ఇక్కడే. తొలినాళ్లలో ఒక క్లయింటు తొందరపెడితే ఆ పటంతోనే మోడల్ చేసి, రంగుల బొమ్మలతో బైండు చేయించి ఇచ్చాను. బోనులో అవతలి లాయరు గారు చాలా మర్యాదగా అడిగారు: "ఇంజినీరు గారూ, తమరు ఆ గెడ్డ ఎప్పుడు చూశారు?" చూడలేదు. ఆ తర్వాత ఆయన ఇంకేమీ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు.

రెండో ప్రశ్న: మోడల్‌ను దేనితో సరిచూస్తారు? మీ ఇంటి గీతలతో సరిచూడని మోడల్ జోస్యం లాంటిది. మూడోది: మదుములు సగం మూసుకుపోయినట్టు పెట్టి కూడా నడుపుతారా? డిజైన్ కాగితం మీద మదుము ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది, మన ఊళ్లో ఎప్పుడూ ఉండదు.

"ఇది పాతికేళ్లకోసారి వచ్చే వాన" అని అవతలివాళ్లు వాదిస్తే కంగారు పడకండి. ఏ ఏడాదైనా ఆ వాన పడే అవకాశం నాలుగు శాతం అని దానర్థం. పదేళ్లలో కనీసం ఒకసారి పడే అవకాశం లెక్కేస్తే మూడింట ఒక వంతు వస్తుంది. అది దైవఘటన ఎలా అవుతుంది? పైగా వీధి కాలువలను మామూలుగా రెండేళ్లకో ఐదేళ్లకో ఒకసారి వచ్చే వానకే డిజైన్ చేస్తారు. కాబట్టి పెద్ద వానకు రోడ్డు మీద కొన్ని నీళ్లు నిలవడం నేరం కాదు. ఆ నీళ్లు పోయే దారిని కట్టేయడం వేరే సంగతి.

చట్టం కూడా దాదాపు ఇదే గీత గీస్తుంది. మన తెలుగు నేల మీద పుట్టిన పాత కేసు ఒకటుంది. కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి మద్రాసు రైల్వే కంపెనీ వంతెనలు కొట్టుకుపోయాయి. 1874లో ప్రీవీ కౌన్సిల్, అంటే అప్పట్లో మన కేసులకు లండన్‌లో ఉన్న చివరి అప్పీలు కోర్టు, జమీందారు తప్పు లేదంది. ఎందుకంటే ఈ దేశంలో చెరువు లేకపోతే బతుకు లేదు, వాటిని కాపాడటం ఆయన విధి, ఆయన నిర్లక్ష్యం ఏమీ కనబడలేదు. రెండోది స్కాట్లాండులోని గ్రీనాక్ ఊరిది. పిల్లలు నీళ్లలో ఆడుకోవడానికని అక్కడి కార్పొరేషన్ వాగు మధ్య కాంక్రీటు మడుగు కట్టింది. కనీవినీ ఎరుగని వాన పడి నీళ్లు వీధిలోకి తిరిగి రైల్వే ఆస్తి పాడైంది. అప్పుడూ "దేవుడి పని" అనే వాదన వచ్చింది. 1917లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో బ్రిటన్‌లో పై కోర్టు అదే) ఒప్పుకోలేదు. వాగు సహజమైన దారిని మార్చినవాడు, అసాధారణమైన వానకు కూడా పాత వాగు మోసినంత నీటిని తన కట్టడం మోసేలా చూసుకోవాలంది. బ్రిటన్ తీర్పు మన కోర్టులకు శాసనం కాదు, కానీ లాయర్లు చూపిస్తారు, జడ్జీలు వింటారు.

మీ బిల్డరు ఈ రెంటిలో ఎవరిలా ఉన్నాడో మీరే చూడండి.

మన సొంత చట్టంలో ఆధారం 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఏడో సెక్షను. నిర్దిష్టమైన దారిలో పారే సహజ ప్రవాహాన్ని దాని పరిమాణం, దిశ, వేగం చెప్పుకోదగ్గంతగా మార్చకుండా మీ భూమి దాకా రానివ్వాలన్నది మీ హక్కు. అదే సెక్షను మీ మీద ఒక బరువు కూడా పెడుతుంది. ఎగువ భూమి మీద పడి, కాలువ కట్టకుండా సహజంగా జారివచ్చే నీటిని దిగువవాడు రానివ్వాలి. అంటే కొండ నీళ్లు వచ్చాయని ఫిర్యాదు చేయలేరు. తిప్పి పంపారని చేయగలరు.

ఇంకో చేదు మాట. ఎగువన వంద ఇళ్లవాళ్లు పెరళ్లకు గచ్చు చేయించుకున్నందుకు పెరిగిన నీళ్లుంటాయి. నా కచ్చా లెక్కలో 0.5 కాస్తా 0.65 అయితే 7.8 పోయి 10 అవుతుంది. ఆ పెరిగిన రెండు ఘనపు మీటర్లకు జవాబుదారీ ఎవరూ లేరు. ఉన్నారని వాదించి గెలిచినవాణ్ణి నేనైతే చూడలేదు. ఆ వాటాను మీ నష్టంలోంచి మీరే ముందుగా తీసేసి అడిగితే, మిగతాది అడిగేటప్పుడు మాటకు బరువుంటుంది.

అధికారుల సంగతి. కాలువ తీయించడానికి డబ్బుల్లేవని పురపాలక సంస్థ తప్పించుకోలేదని 1980లోనే రత్లాం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ ఆ తీర్పు పని చేయించడానికి పనికొచ్చినంతగా పరిహారానికి పనికిరాదు. ఆ కేసు నడిచిన సెక్షను అప్పట్లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 152. ఆ దారిలో ఆర్డీవో దగ్గరకు వెళ్తే అడ్డు తీయించడం త్వరగా జరగొచ్చు. పారిశుద్ధ్య వ్యవస్థ ప్రజోపయోగ సేవల జాబితాలో ఉంది కాబట్టి కోర్టు ఫీజు లేకుండా శాశ్వత లోక్ అదాలత్‌కూ వెళ్లొచ్చు. మీరు ఫోటోలతో రాతపూర్వకంగా ముందే ఫిర్యాదు చేసి, దానికి అక్నాలెడ్జ్‌మెంటు తీసుకుని, ఆ తర్వాత కూడా పూడిక తీయకపోతే అప్పుడు నిర్లక్ష్యం అనే మాటకు ప్రాణం వస్తుంది. ఫిర్యాదు ఎప్పుడూ ఇవ్వకపోతే ఈ రోజే ఇవ్వండి, వచ్చే వానకైనా పనికొస్తుంది.

గడువులు. ప్రభుత్వం మీద దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షను కింద రెండు నెలల ముందు నోటీసివ్వాలి. చట్టం ప్రకారం చేసిన, లేదా చేయకుండా వదిలేసిన పని వల్ల నష్టమైతే లిమిటేషన్ చట్టం కింద గడువు ఒక్క ఏడాదే. స్థానిక సంస్థలకు వాటి చట్టాల్లో నోటీసు, గడువు నిబంధనలు విడిగా ఉంటాయి. "మూడేళ్లుంది కదా" అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని కూర్చోకండి, ఈ నెలలోనే లాయరును కలవండి. కలిసినప్పుడు అడ్వొకేట్ కమిషనర్ గురించి అడగండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద కోర్టు పంపే కమిషనర్ వచ్చి గోడ, శ్లాబు కొలిచి రికార్డు చేస్తే, రేపు బిల్డరు రాత్రికి రాత్రి మూడడుగులు కొట్టేసినా మీకు నష్టం లేదు. ఫోన్లో తీసిన వీడియోలకు సాక్ష్య అధినియమం 63వ సెక్షను సర్టిఫికెట్ కావాలి, కాబట్టి ఒరిజినల్ ఫోన్ దాచుకోండి. వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన కాపీ మీద ఆధారపడొద్దు.

మీరు ఒప్పుకోరేమో గానీ, ముందు మీ ఇంటి కాగితాలు చూసుకోండి. సర్వే ఆఫీసులో ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం), గ్రామ పటం నకళ్లు తీసుకుని గెడ్డ పోరంబోకు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో గీయించండి. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168 పది మీటర్లకు మించిన వాగుకు తొమ్మిది మీటర్లు, అంతకు తక్కువ వెడల్పు కాలువకు రెండు మీటర్లు వదలమంది. 2017లో మన రాష్ట్రానికి కొత్త భవన నిబంధనలు వచ్చాయి. బిల్డరు ప్లాను ఏ తేదీదో చూసి ఆ రోజు అమల్లో ఉన్న నిబంధనతో పోల్చాలి. బిల్డరు గోడ ఆ గీత దాటి గెడ్డ వైపు ఉంటే మీ కేసు సగం గెలిచినట్టే. ఆ గీత మీ వంటింటి మధ్యలోంచి పోతే అవతలి లాయరుకు పండగ. నలభై గజాల దూరం అన్నారు కాబట్టి మీకు ఆ భయం తక్కువే, కానీ గెడ్డను పాతికేళ్ల కిందట ఎవరైనా పక్కకు తిప్పి ఉంటే పాత దారి ఎవరి గదిలోంచి పోతుందో పటం చూస్తే గానీ తెలియదు.

బీమా ఉంటే దావా కంటే ముందు అది తేల్చుకోండి. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో వరద నష్టం కవరవుతుంది. కారుకు థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే ఏమీ రాదు. నీళ్లు దిగాక "ఒకసారి చూద్దాం" అని స్టార్ట్ చేసి ఉంటే ఇంజిన్ నష్టం మీద పేచీ పెడతారు, ఇంజిన్‌కు విడిగా తీసుకునే యాడ్ ఆన్ ఉంటే తప్ప. సర్వేయరు వచ్చి రాసుకున్న నీటి ఎత్తు మీ కేసులోనూ సాక్ష్యమే, దాని కాపీ తీసుకోండి.

చివరిగా రెండున్నర లక్షల మాట. మీటరు పెట్టెలోని గీత, గోడ పొడవునా గెడ్డ వెడల్పు, గోడ లేని చోట వెడల్పు, శ్లాబు కింద ఖాళీ ఎత్తు, దిగువ మదుము కొలత, దాని నోటికి ఏదైనా అడ్డుందా. ఈ ఆరూ కొలిచి ఇక్కడ రాయండి, కచ్చా లెక్క నేను వేసి చెప్తాను. గోడ వల్ల తేడా 25, 30 సెంటీమీటర్లు దాటేలా కనబడితే అప్పుడు పక్కిళ్లవాళ్లను కలుపుకుని మోడల్ ఖర్చు పంచుకోండి. పది ఇళ్లు కలిస్తే తలా పాతిక వేలు. ఇంటావిడ గోడలకు సున్నం వేయిద్దాం అంటుంటే మాత్రం ఒక్క వారం ఆగమనండి. లేదా కనీసం మీటరు పెట్టె జోలికి వెళ్లొద్దనండి.